ఎడిటర్‌లోంచే ప్రొడక్షన్ డేటాబేస్‌కు కనెక్షన్ ఉండవచ్చా?

రొయ్యల లెక్కలు (భీమవరం):

అందరికీ నమస్కారం. మాది భీమవరంలో ఐదుగురు పనిచేసే చిన్న సంస్థ. రొయ్యలు కొనే వ్యాపారులకూ, రైస్ మిల్లులకూ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసి ఇస్తాము. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. కోడు రాసే ఎడిటర్‌లోనే డేటాబేస్ విండో కూడా ఉండడంతో అందరూ అక్కడి నుంచే, ఒకే అడ్మిన్ లాగిన్‌తో, నేరుగా ప్రొడక్షన్‌లో (ఖాతాదారులు వాడే అసలు డేటాబేస్‌లో) క్వెరీలు నడుపుతూ వచ్చారు.

గత వారం 100 కౌంట్ (కిలోకు 100 తూగే రొయ్య) ధర మార్చవలసి వచ్చింది. మా కుర్రాడు రాసిన అప్‌డేట్ మూడు వరుసల్లో ఉంది: మొదటి వరుసలో టేబుల్ పేరు, రెండో వరుసలో కొత్త ధర, మూడో వరుసలో ఏ రికార్డులు మార్చాలో చెప్పే, కౌంట్ 100 అనే వేర్ షరతు. మౌస్‌తో లాగినప్పుడు పై రెండు వరుసలే సెలెక్ట్ అయ్యాయి. సెలెక్ట్ అయిన ముక్కనే ఎడిటర్ నడుపుతుంది కనుక నడిపేసింది. వేర్ లేదని హెచ్చరిక వచ్చిందట గానీ, రోజూ వచ్చే పెట్టెల్లో అదొకటనుకుని సరే నొక్కేశాడు. ఆటో కమిట్ (ప్రతి మార్పూ వెంటనే ఖాయమయ్యే పద్ధతి) ఉన్నందున రోల్‌బ్యాక్‌కు, అంటే మార్పును వెనక్కి తీసుకోవడానికి, వీలు లేకపోయింది. కిలోకు 30 తూగే పెద్ద రొయ్యకూ, 100 తూగే చిన్న రొయ్యకూ ఒకటే ధర పడింది. ఉండి ఊరి వైపు రైతు ఒకాయన బిల్లు చూసుకుని ఫోన్ చేసేదాకా మాకు తెలియలేదు. బ్యాకప్ నుంచి పాత ధరలు తెచ్చి, మధ్యలో పడిన బిల్లులు సరిచేసేసరికి ఒక పూట పోయింది.

ఎడిటర్‌లోని ప్రొడక్షన్ కనెక్షన్లన్నీ తీసేయాలని మా భాగస్వామి అంటున్నారు. అవి లేకపోతే తప్పులు వెతకలేమని కుర్రాళ్లు పట్టుబడుతున్నారు. మీరేమంటారు?

గోదావరి గట్టు (రాజమహేంద్రవరం):

మీ భాగస్వామి మాటే సరైనదండి. ధాన్యం మిల్లులో కాటా వేసేవాడి చేతికే లెక్కల పుస్తకం ఇవ్వరు. అతను దొంగ అని కాదు, పొరపాటు జరిగితే పట్టుకునే రెండో కన్ను ఉండాలని. ఎడిటర్‌లో రోజుకు వంద సార్లు కంట్రోల్, ఎంటర్ నొక్కే వేళ్లకు ఏ ట్యాబ్ టెస్టుదో, ఏది ప్రొడక్షన్‌దో తెలియదు. దానికి తోడు, కనెక్షన్ వివరాలున్న ఫైలు పొరపాటున గిట్‌లోకి (అందరూ కోడు పంచుకునే చోటికి) ఎక్కడం, ఇంటి నుంచి పనిచేయడం కోసమని పోస్ట్‌గ్రెస్ వాడే 5432 పోర్టును ఇంటర్నెట్ మొత్తానికి తెరిచి ఉంచడం నేను కళ్లారా చూసినవే. డేటా మార్చవలసి వస్తే స్క్రిప్టు రాసి, ఇంకొకరు చదివిన తరువాత, సర్వర్ దగ్గర నడపాలి.

కాకినాడ పోర్టు 5432:

నా పేరు చూసి గట్టు గారు నా మీద అనుమానపడకూడదని మనవి. మా పోర్టు బయటికి తెరిచి లేదు, ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ (సర్వర్‌కు వెళ్లే గుప్తీకరించిన దారి) గుండానే వెళతాము.

ఇక్కడ తప్పు ఎడిటర్‌ది కాదు, దానికిచ్చిన అడ్మిన్ లాగిన్‌ది. ఎడిటర్‌ను నిషేధించిన మర్నాటి నుంచి అదే కుర్రాడు సర్వర్‌లోకి వెళ్లి, వేర్ లేదని చెప్పే హెచ్చరికైనా లేని నల్ల తెరలో, అదే అడ్మిన్ లాగిన్‌తో అదే అప్‌డేట్ నడుపుతాడు. ఇంటెలిజే, డేటాగ్రిప్ వంటి ఎడిటర్లు టేబుళ్ల నిర్మాణాన్ని చదువుకుని ఉంటాయి గనుక, కోడులో రాసిన క్వెరీలో కాలమ్ పేరు తప్పితే నడపకముందే గీత గీసి చూపుతాయి. ఒక బిల్లు నుంచి దాని రైతు వరుసకు ఒక్క క్లిక్కుతో తీసుకుపోతాయి. ఈ సదుపాయాలకు రాసే హక్కు అక్కరలేదు, చదివే హక్కు చాలు.

2021లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 14 నుంచి అన్ని టేబుళ్లనూ చదవగలిగే రోల్ (హక్కుల మూట) సిద్ధంగా ఉంది. ఒక గ్రాంట్‌తో (హక్కు ఇచ్చే ఆదేశంతో) పని అయిపోతుంది. ఎడిటర్‌లోని రీడ్ ఓన్లీ టిక్కును మాత్రం నమ్ముకోకండి. అది పెట్టినవాడే తీయగలడు. హక్కు లేదని చెప్పవలసినది సర్వర్.

కోనసీమ కొబ్బరి (అమలాపురం):

పోర్టు గారి మాట చాలావరకు ఒప్పుకుంటాను గానీ, చదివే లాగిన్ నిరపాయం అన్న ధ్వనికి నా అభ్యంతరం. మా దగ్గర ఇటువంటి ప్రమాదమే జరిగాక అందరమూ ఆటో కమిట్ తీసేసి, చేత్తో కమిట్ చేసే పద్ధతికి మారాము. కొన్నాళ్లకు నేనే ఒక టేబుల్ మీద మామూలు సెలెక్ట్ నడిపి, ట్రాన్సాక్షన్ (కమిట్‌తో ముగిసే పని విడత) తెరిచే ఉందని మరిచి భోజనానికి వెళ్లాను. ఆ సమయంలో సహోద్యోగి అదే టేబుల్‌కు ఒక కాలమ్ చేర్చబోతే, ఆ ఆల్టర్ నా సెలెక్ట్ పట్టుకున్న లాక్ కోసం ఆగింది, ఆ తరువాత వచ్చిన ప్రతి బిల్లూ ఆల్టర్ వెనక ఆగింది. మన కాలువల మీది లాకుల్లో పడవ నిలిపి సరంగు టీకి వెళితే వెనక పడవలన్నీ బారులు తీరినట్టే అయింది. (లాక్ అన్న మాట మన డెల్టా వాళ్లకు ఎవరూ వివరించనక్కరలేదు.) ఖాళీగా తెరిచి ఉన్న ట్రాన్సాక్షన్‌ను నిర్ణీత సమయం తరువాత తెంచేసే సెట్టింగ్ 2016లో, 9.6 వెర్షన్‌తోనే వచ్చింది. ఆ లాగిన్‌కు ఐదు నిమిషాలు పెట్టి ఉంచండి.

మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్ వాడేవారికి ఇంకో తలనొప్పి. అక్కడ డేటా దాచే ఇంజిన్ ఇన్నోడీబీ మామూలు పద్ధతిలో, ట్రాన్సాక్షన్‌లో మొదటిసారి చదివినప్పటి చిత్రమే చివరిదాకా కనిపిస్తుంది. ఉదయం తెరిచిన విండోలో కమిట్ చేయకుండా మధ్యాహ్నం వెతికితే, కౌంటర్‌లో వాళ్లు అప్పుడే వేసిన బిల్లు ఉండదు. లేని తప్పు కోసం రెండు గంటలు కోడు తిరగేసిన అనుభవం నాది.

ఇంతకీ లెక్కలు గారూ, ధర మార్చడానికి డెవలపర్ ఎందుకు అప్‌డేట్ రాయవలసి వచ్చింది? మీ సాఫ్ట్‌వేర్‌లో ధరలు మార్చే స్క్రీన్ లేదా?

గోదావరి గట్టు:

సర్వర్‌లోకి నేరుగా వెళితే ఇంకా ప్రమాదమన్న పోర్టు గారి వాదనకు నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. అయితే ఆయన చెప్పిన రోల్ అన్ని టేబుళ్లనూ చదువుతుంది. రైతుల ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఆ టేబుళ్లలోనే ఉంటాయి, ఎడిటర్‌లో రెండు క్లిక్కులతో అవన్నీ ఫైలుగా ల్యాప్‌టాప్‌లోకి దిగుతాయి. 2023లో వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చిన తరువాత అది ఇంటి విషయం కాదు.

కాకినాడ పోర్టు 5432:

నా సలహాలో అది లోపమే, వెనక్కి తీసుకుంటున్నాను. ఆ రోల్ ఇవ్వకుండా, ఫోన్, ఖాతా కాలమ్‌లు లేని వ్యూలు (టేబుల్‌లో కొంత భాగాన్నే చూపే కిటికీలు) కట్టి, వాటి మీద మాత్రమే సెలెక్ట్ హక్కు ఇవ్వాలి. పోస్ట్‌గ్రెస్‌లో వ్యూ మామూలుగా దాని యజమాని హక్కుతో టేబుల్‌ను చదువుతుంది కాబట్టి, చదివే లాగిన్‌కు అసలు టేబుల్ మీద ఏ హక్కూ అక్కరలేదు.

రొయ్యల లెక్కలు:

కొబ్బరి గారి ప్రశ్నకు సిగ్గుపడుతూనే జవాబిస్తున్నాను. ధరల స్క్రీన్ లేదు. మొదట్లో ఒకే వ్యాపారి ఉన్నప్పుడు నెలకోసారి మార్చేవాళ్లం, ఇప్పుడు తెల్లవారుజామున పట్టుబడికి ముందే ఫోన్ చేసి మార్చమంటారు. ఆ వేళకు స్క్రిప్టు చదివే రెండో మనిషిని ఎక్కడి నుంచి తేవాలని నేను గట్టు గారిని అడగబోయి ఆగాను.

నిన్న అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, ఎడిటర్లకు వ్యూలు చదివే లాగిన్ ఒకటే ఇచ్చాము, ఐదు నిమిషాల గడువు పెట్టాము. ధరల స్క్రీన్ పని ఈ ఉదయమే మొదలైంది. అది పూర్తయ్యేదాకా తెల్లవారుజాము ఫోన్లు నాకూ మా భాగస్వామికీ కలిపి వస్తాయి. ఒకరు అప్‌డేట్ రాస్తే, ఇంకొకరు వీడియో కాల్‌లో వేర్ వరుస పైకి చదివాకే కమిట్.