అప్‌డేట్: సిగరెట్ మానేశాను, గమ్ ఎందుకు పనిచేయలేదో తెలిసింది

మూడు నెలల క్రితం అడిగింది నేనే: రోజుకి ఇరవై సిగరెట్లు, మూడుసార్లు మానేసి మూడో రోజుకే మళ్లీ మొదలుపెట్టాను, నికోటిన్ గమ్ నమిలితే ఎక్కిళ్లు, గొంతులో మంట తప్ప ఏమీ లేదు, ఏం చేయాలని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్, ముఖ్యంగా డాక్టర్ దగ్గరికి వెళ్లమని పోరు పెట్టినవాళ్లకి.

లేచాక ఎంతసేపటికి తొలి సిగరెట్ అని అడిగారు డాక్టర్. పది నిమిషాలన్నాను. అంత తొందరగా కాలుస్తున్నానంటే అలవాటు బాగా ముదిరిందని, గమ్ ఒక్కటే చాలదని 21 మి.గ్రా. నికోటిన్ ప్యాచ్ (చర్మానికి అంటించుకునేది) రాసి, మనసు మరీ లాగినప్పుడు గమ్ వాడమన్నారు. అసలు గమ్ నేను బబుల్‌గమ్‌లా గబగబా నమిలేస్తున్నానట! ఘాటు తగిలేదాకా మెల్లగా నమిలి, చెంపకీ చిగురుకీ మధ్య నొక్కిపెట్టాలి, ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. ఎక్కిళ్లు ఆ రోజే పోయాయి.

మానేశాక నిద్ర పట్టకపోవడానికి సగం కారణం కాఫీ. పొగ మానేస్తే ఒంట్లో కెఫీన్ ఎక్కువసేపు నిలుస్తుందట, సగానికి తగ్గించాను. పిచ్చి కలలు వస్తున్నాయంటే పడుకునే ముందు ప్యాచ్ తీసేయమన్నారు.

లవంగాలు, డీటాక్స్ టీ నా విషయంలో దండగ. ఆరో వారంలో ఒకటి కాల్చేశాను, సిగ్గుపడుతూ చెబితే ప్యాచ్ ఆపకుండా కొనసాగించమన్నారు, అంతే. ఇప్పుడు ప్యాచ్ డోసు 7 మి.గ్రా.కి దిగింది. భోజనం అయ్యాక చెయ్యి మాత్రం ఇంకా జేబు తడుముతోంది.