సెవెర్న్ బురదనీళ్లలో గాలం: మూడు ఆదివారాలు పోయాయి, ఒక్క చేపా పడలేదు

కాలవగట్టు కుర్రాడు:
అన్నలూ, అక్కలూ, మాది అంబాజీపేట దగ్గర. ఏడాదిన్నరగా ఇంగ్లండ్‌లో, బ్రిస్టల్‌లో ఉంటున్నా. చిన్నప్పుడు వెదురు కర్రకి గాలం కట్టి కాలవలో జెల్లలు పట్టినవాణ్ణి కదా, ఇదెంత అనుకుని రాడ్డు కొన్నా. సెవెర్న్ ఏరు సముద్రంలో కలిసే చోట, పోర్టిస్‌హెడ్ ఊళ్లో బ్యాటరీ పాయింట్ దగ్గర రాళ్ల మీద మూడు ఆదివారాలు కూచున్నా.

మొదటి వారం వెళ్లేసరికి నీళ్లు ఎక్కడో కిందకి పోయాయి. పులిహోర డబ్బా తీసి, తిని, ఫోన్లో అమ్మతో మాట్లాడి చూద్దును కదా, కింద రాయి మీద పెట్టిన సంచి తేలుతోంది. రెండో వారం గాలానికి అరవై గ్రాముల సీసం గుండు కట్టి విసిరితే పడ్డచోట నిలవదే! పక్కకి కొట్టుకుపోయి రాళ్లలో ఇరుక్కుంది. అలా నాలుగు పోయాయి. మూడో వారం ఏమీ పోలేదు, ఏమీ పడలేదు. ఎర సూపర్‌మార్కెట్‌లో దొరికే ఉడికించిన రొయ్యలు. నీళ్లు చూస్తే పాలెక్కువ పోసిన టీలా ఉన్నాయి. ఇందులో చేపకి ఎర కనపడుతుందా అసలు?

ఏటిమొగ:
తమ్ముడూ, రొయ్యలు నువ్వు తినేయ్. మిగతాది చెప్తా. నాది యానాం అవతల, న్యూపోర్ట్ వచ్చి పద్నాలుగేళ్లయింది.

మనకి పోటొస్తే రేవులో నాలుగు మెట్లు మునుగుతాయి, పాటుకి మళ్లీ తేల్తాయి. ఇక్కడ ఏరు గరాటా మూతిలా ఉంటుంది. అట్లాంటిక్ పోటంతా ఆ మూతిలో పడి, ఇరుకయ్యేకొద్దీ పైకి లేస్తుంది. అవన్‌మౌత్ రేవు దగ్గర పెద్ద పోటు నాడు పన్నెండు మీటర్లు దాటుతుంది. నాలుగంతస్తుల మేడంత నీరు, ఆరు గంటల్లో! అదీ సమానంగా ఎక్కదు. మొదటి గంట బద్ధకంగా కదుల్తుంది, మూడో గంటా నాలుగో గంటా కలిపి సగం ఎత్తు లేచిపోతుంది. నీ పులిహోర సరిగ్గా ఆ రెండు గంటల్లో పడింది.

టైముకి మీ అమ్మగారి క్యాలెండర్ చాలు. అమావాస్య, పౌర్ణమి దాటి విదియ, తదియలకి పెద్ద పోట్లు. అప్పుడు నిండునీరు పొద్దున్న ఏడెనిమిదింటికి, మళ్లీ రాత్రి అదే వేళకి. అష్టమి వెళ్లి దశమి వచ్చేసరికి చిన్నవి, నిండునీరు మధ్యాహ్నం ఒంటిగంట, రెండింటికి. చిన్నవంటే అవీ ఆరు మీటర్లు, నవ్వకు. నిమిషాల లెక్కకి మాత్రం అవన్‌మౌత్ పోటుపాట్ల పట్టిక చూడు. నేను మొదటి వేసవంతా గంట తేడాతో వెళ్లా. కొన్న పుస్తకంలో టైములు గ్రీనిచ్‌వి, వేసవిలో గంట కలుపుకోమని వెనకపేజీలో చీమల బారులా రాశాడు.

కొత్తవాడివి, చిన్న పోటు నాడే వెళ్లు. నిండుకి రెండు గంటల ముందు కూచో, నిండాక గంటకి లేచిపో.

ఇక సీసం. ఇక్కడ ఆరు ఔన్సులు కావాలి, అంటే 170 గ్రాములు. దానికి నాలుగు తీగ కాళ్లుంటాయి, బురదలో దిగి పట్టుకుంటాయి. గట్టిగా లాగితే వెనక్కి మడుచుకుని వచ్చేస్తాయి. నీ పొట్టి రాడ్డు దానికి ఆగదు, పన్నెండడుగులది తీసుకో. రీలు దారం చివర అరవై పౌండ్ల బరువుకి ఆగే లావు దారం ముడెయ్యి. లేదంటే విసురులో పుటుక్కున తెగి ఆ గుండు ఎవరి తలకో తగుల్తుంది. నీళ్లొచ్చే వైపుకి ఏటవాలుగా విసిరి, సీసం కూచున్నాక దారం కాస్త వదులు ఇవ్వు. కాలవలో బెండు మునిగినట్టు ఇక్కడ ఏమీ మునగదు. ఒరవడికి రాడ్డు కొస వంగి వణుకుతూ ఉంటుంది. ఉన్నట్టుండి నిటారుగా లేచి, దారం జారిపోయి వేలాడుతుంది. తెగిందనుకుంటావు. చేప సీసాన్ని పెకలించుకుని నీ వైపే వస్తోందన్నమాట! గబగబా చుట్టు.

ఎర కనపడదు, వాసనే. లగ్‌వర్మ్ అనే బురదపురుగుని గుచ్చి, పైన స్క్విడ్ ముక్క చుట్టి, సాగే దారంతో కట్టు. పదిహేను, ఇరవై నిమిషాలకి వాసనంతా నీళ్లు కడిగేస్తాయి, మార్చాలి. దూరం విసరాలన్న తాపత్రయం వద్దు, నిండునీట్లో చేప ఒడ్డుకే మేతకొస్తుంది.

శీతాకాలం వైటింగ్ అనే చేప, వేసవిలో టేకు చేపలు, బాస్ అనే చేప పడతాయి. బాస్ 42 సెంటీమీటర్లు లేకపోతే వదిలెయ్యాలి. రోజుకి ఎన్ని, ఏ నెలల్లో అన్నది మారుతుంటుంది, వెళ్లేముందు చూసుకో. మలుగు పడితే అదీ నీళ్లలోకే. ఇంకొకటి చెప్తే నీ ప్రాణం ఉసూరుమంటుంది. వసంతంలో మన పులసకి చుట్టం ఒకటి గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి సెవెర్న్‌కి ఎదురెక్కుతుంది. ట్వెయిట్ షాడ్ అంటారు, అదే వెండి పొలుసు. ముట్టుకోకూడదు, చట్టం ఒప్పుకోదు. పులుసు కలలోనే!

వెస్టన్ వదిన:
అన్నయ్యగారు అంతా చెప్పి అసలుది వదిలేశారు. బాబూ, సీసం పోతే పోనీ, దానికోసం బురదలో అడుగు పెట్టకు. మా ఆయన మా వెస్టన్ తీరంలో పది పౌండ్లు ఖరీదు చేసే గాలం సామాను కోసం దిగారు. పైన ఎండి పెళుసుగా కనిపించింది, నాలుగో అడుగుకి మోకాలు దాకా దిగిపోయారు. ఒక కాలు లాగితే రెండోది ఇంకా లోపలికి. నేను వెళ్లబోతే "నువ్వు రాకే!" అని అరిచారు, ఆ మాట విన్నందుకే ఇవాళ ఇద్దరం ఉన్నాం. అత్యవసర నంబరు 999 కొట్టి కోస్ట్‌గార్డ్ కావాలని అడిగా. పెనుగులాడకుండా వెనక్కి వాలి, బరువు పరిచి ఉండమన్నారు. వాళ్లొచ్చి తీశారు. ఒక బూటు ఇంకా అక్కడే ఉంది. మళ్లీ పోటొచ్చే వేళయితే ఏమయ్యేదో నేను ఆలోచించను.

రాళ్లు కూడా వద్దు. ముందు క్లీవ్‌డన్ పియర్‌కి వెళ్లు, ఒడ్డు నుంచి నీళ్లలోకి వంతెనలా కట్టింది, 1869 నాటిది. టికెట్టు కొని పలకల మీద నిలబడి గాలం వెయ్యచ్చు, కాళ్లకి బురదంటదు.

కాలవగట్టు కుర్రాడు:
అన్నా, వదినా, దశమి నాడు క్లీవ్‌డన్ వెళ్లా. ఒంటిగంటన్నరకి రాడ్డు కొస మీరన్నట్టే లేచి దారం జారిపోయింది. తెగిందనే అనుకుని తీరిగ్గా చుట్టా, అయినా వచ్చింది! మూరెడు పొడుగు, ఒళ్లంతా మచ్చలు, చేతికి చుట్టుకుంటే తోలు గరుకు కాగితంలా గీసుకుపోయింది. పక్కనున్న తాతగారు డాగ్‌ఫిష్ అని మొహం తిప్పుకున్నారు. ఇంటికి తెచ్చా. కత్తి దిగట్లేదు, ఏం చెయ్యాలి?

వెస్టన్ వదిన:
అయ్యో, అది చిన్న సొర బాబూ! మరిగే నీళ్లలో రెండు నిమిషాలు ముంచు. మెడ దగ్గర గాటు పెట్టి పట్టకారుతో లాగితే తోలు మేజోడులా ఊడొస్తుంది. తర్వాత పసుపు వేసి ఉడకబెట్టి, ముల్లు తీసి చిదుపు. ఉల్లిపాయలు, పచ్చిమిర్చి దండిగా వేసి సొరపిట్టు చేసుకో. వెల్లుల్లి దగ్గర పిసినారితనం చూపించకు.

ఏటిమొగ:
ఎన్నింటికి రమ్మంటావు?