డయల్-అప్ సేవకు (ఫోను లైను మీద ఇంటర్నెట్ ఇవ్వడానికి) మామూలు పీసీలు సరిపోయేవా?

పోర్టు_తిరుపతి:
1998 నవంబరులో ఇంటర్నెట్ సేవను ప్రైవేటువారికి తెరిచాక, ‘సి’ తరగతి లైసెన్సుతో మన ప్రాంతం మేరకు సేవ పెట్టదలచిన చిన్న సంస్థలకు మామూలు పీసీ సరిపోయేదని నేను గట్టిగా నమ్ముతున్నాను. లినక్స్ వేసిన పెంటియం పీసీలో మల్టీపోర్ట్ కార్డు (ఎక్కువ మోడెములు తగిలించే కార్డు) పెట్టి మోడెములు తగిలిస్తే, ఫోను మోగగానే ఎంగెట్టీ అనే ప్రోగ్రాము ఎత్తుతుంది, పీపీపీడీ అనే మరో ప్రోగ్రాము పాస్‌వర్డు సరిచూసి ఐపీ చిరునామా ఇస్తుంది. ఇదే పనికోసం ప్రత్యేకంగా చేసిన ఖరీదైన టెర్మినల్ సర్వరుతో పనేముంది?

కొర్లగుంట_చందాదారు:
అలా నడిచిన ఒక సంస్థకు నేను చందా కట్టాను. ఎంసెట్ ఫలితాల రోజు మా తమ్ముడి ర్యాంకు కోసం సాయంత్రం దాకా డయల్ చేస్తే ఫోను మోగిందే గానీ ఎత్తలేదు. దీన్ని సరిపోవడం అంటారా?

చిత్తూరు_మెకానిక్:
మోడెం నుంచి వచ్చే బైట్లను అందుకోవడానికి 8250 అనే పాత చిప్పు ఉన్న పోర్టులు వాడి ఉంటారు.

పోర్టు_తిరుపతి:
అది చిప్పు దోషం కాదండి. హంటింగ్ లైన్లలో (ఒకే నంబరుకు వచ్చిన కాల్‌ను ఖాళీ లైనుకు పంపే ఏర్పాటులో) ఒక మోడెం బిగుసుకుపోతే, ఎక్స్ఛేంజి దాని లైను ఖాళీగా ఉందనుకుని వచ్చిన కాల్‌ను అక్కడికే పంపుతుంది. పక్కన పనిచేసే మోడెములున్నా చందాదారుకు అందవు. అప్పుడు ఒక మనిషి వెళ్లి ఆ మోడెం అడాప్టరు పీకి మళ్లీ పెట్టాలి. రాత్రి కాపలా లేకపోవడం యజమాని తప్పు, పీసీది కాదు.

చిత్తూరు_మెకానిక్:
చిప్పు సంగతి దాటవేయకండి. సెకనుకు 115200 బిట్ల వేగానికి సెకనుకు 11,520 బైట్లు వస్తాయి. 8250లో ఒక్క బైటుకే చోటు, తర్వాత వచ్చిన 16550ఏ చిప్పులో 16 బైట్లకు. పీసీ ఒక్క క్షణం ఆలస్యం చేసినా 8250లో బైటు పోతుంది.

కొర్లగుంట_చందాదారు:
మీరిద్దరూ చిప్పుల గురించి కొట్లాడుకోండి. లైను తెగిన ప్రతిసారీ మళ్లీ కాల్ చేసి, ఫోను బిల్లు కట్టింది మా నాన్నగారు. పైగా కరపత్రంలో 56కే (సెకనుకు 56 కిలోబిట్ల వేగం) అని అచ్చువేశారు. సంస్థ వైపు కూడా మామూలు ఫోను లైనూ మోడెమూ ఉంటే వేగం 33.6 కిలోబిట్లు దాటదని తర్వాత తెలిసింది. 56కే రావాలంటే అటువైపు డిజిటల్ లైను ఉండాలి. ఆ మాట చెప్పకుండా డబ్బు తీసుకోవడం మోసం కాదా?

పోర్టు_తిరుపతి:
అబద్ధపు కరపత్రాన్ని నేనూ సమర్థించను. కానీ 30 కాల్స్ మోసే డిజిటల్ లైనుకూ, దానికి తగిన పెట్టెకూ మొదటి రోజే డబ్బు పెట్టాలంటే, మన ఊళ్లో చిన్న సంస్థ ఏదీ సేవ మొదలుపెట్టగలిగేది కాదు. 33.6 అని చెప్పి, తక్కువ ధరకు ఇవ్వడంలో తప్పేముంది?

కొర్లగుంట_చందాదారు:
తప్పులేదు. అర్ధరాత్రి బిగుసుకున్న మోడెం దగ్గరికి మనిషిని పంపే ఖర్చు కూడా ఆ ధరలో కలిపి చెప్పండి, అప్పుడు పీసీ చౌకో కాదో మాట్లాడుకుందాం.