చర్చ: సముద్రం వేడి చూసి శనగ విత్తేది ఆపాలా?

రేగడి_రైతు (జమ్మలమడుగు): అక్టోబర్ చివర్లో ఐదెకరాలు శనగ విత్తాను. వారానికి వాన పట్టుకుని మూడు రోజులు వదల్లేదు. రేగడిలో నీళ్ళు నిలిచి విత్తనం కుళ్ళిపోయింది. తర్వాత మా అల్లుడు ఫోన్లో ఇన్‌కాయిస్ వాళ్ళ (సముద్రం సంగతులు చెప్పే కేంద్ర సంస్థ) పటం చూపించాడు. బంగాళాఖాతం అంతా ఎర్రగా, 29 డిగ్రీలు. 26.5 దాటితే తుఫాను పుడుతుందంట కదా. ఆ ముక్క ముందే ఊరూరా చాటించడానికి ఏం రోగం?

అనంత_అయ్యవారు: అన్నా, ఆ 26.5తోనే వచ్చింది తంటా. అక్టోబర్‌లో బంగాళాఖాతం ఏ ఏడైనా 28, 29 ఉంటుంది. మీ లెక్కన రోజూ తుఫాను రావాలి, శనగ ఎప్పటికీ విత్తకూడదు. పొయ్యి మండినంత మాత్రాన అన్నం ఉడకదు, ఎసరు పెట్టాలి. ముందు అల్పపీడనం పుట్టాలి. పైగాలి, కిందిగాలి వేగాల్లో పెద్ద తేడా ఉంటే తుఫాను తల ఒకవైపు, మొండెం ఒకవైపు అయిపోతుంది. ఇంకోటి, మీరు చూసిన ఎరుపు పైపొరది. ఆ వేడి పలచగా ఉంటే తుఫానే నీళ్ళు కలబెట్టి, అడుగు చల్లనీళ్ళు పైకి తెచ్చుకుని నీరసిస్తుంది. వేడి లోతుకు దిగి ఉంటేనే భయం. అందుకే ఆర్గో అని సముద్రంలో వదిలిన తేలే పరికరాలు 2000 మీటర్ల దాకా మునిగి, పది రోజులకోసారి తేలి లెక్కలు పంపుతాయి.

రేగడి_రైతు: లోతు సంగతి నాకెందుకు సార్? 26.5 దాటిందా లేదా?

అనంత_అయ్యవారు: దాటింది. ఈ కాలంలో ఎప్పుడూ దాటే ఉంటుందనే కదా చెబుతున్నా!

హంద్రీ_కుర్రోడు (కర్నూలు): 2009 అక్టోబర్ 2న మా ఊరు మునిగింది. ఆ తుఫాను పేరేందో చెప్పండి చూద్దాం. పేరే లేదు, అది తుఫానే కాదు.

రేగడి_రైతు: బీమా కోసం పోతే ‘తుఫాను అయితే వేరే, ఇది ఉత్త వాయుగుండం’ అన్నారు. విత్తనానికి తెలుసా ఆ తేడా? పటాలు గీసేవాళ్ళకు జీతాలు, అయ్యవార్లకు పింఛన్లు, మాకు అప్పులు.

అనంత_అయ్యవారు: పింఛను ఎందుకొచ్చింది మధ్యలో? నాకూ మూడెకరాల వేరుశనగ ఉంది. ఆగస్టులో వాన లేక మాడిపోయింది. అప్పుడూ సముద్రం 28 మీదే. మీ 26.5 నాకెందుకు వాన తేలేదు? వేడి పెరగలేదని నేననలేదు. 2023 మార్చి నుంచి ఏడాదికి పైగా ప్రపంచ సముద్రాల సగటు వేడి ఏ తేదీకి ఆ తేదీ కొత్త రికార్డే. ఒక డిగ్రీ పెరిగితే గాలి 7 శాతం ఎక్కువ ఆవిరి మోస్తుంది, కురిస్తే కుండపోత. అది ఒప్పుకుంటా. ఏ వారం, ఏ ఊళ్ళో అన్నది మాత్రం ఆ పటంలో ఉండదు.

చెయ్యేటి_గట్టు (రాజంపేట): మీ ఇద్దరి లెక్కలూ చదివాను. 2021 నవంబర్ 19 తెల్లవారుజామున అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ రోజు చెన్నై దగ్గర తీరం దాటింది వాయుగుండమే, దానికి పేరు కూడా లేదు. మా అత్తగారి ఇల్లు పోయింది, పాడి పోయింది. తర్వాత పరామర్శకు వచ్చిన పెద్దమనిషి ఒకాయన ‘సముద్రం వేడెక్కిందమ్మా, ఏం చేస్తాం’ అన్నాడు. ఆ మాట వింటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వాన తెచ్చింది సముద్రమే, సరే. రాత్రి మమ్మల్ని నిద్రలేపాల్సింది కూడా సముద్రమేనా?

రేగడి_రైతు: నేను మొత్తుకునేదీ అదే కదమ్మా, ముందే చెప్పాలని.

చెయ్యేటి_గట్టు: కాదన్నా. మీరు నెల ముందు చెప్పమంటున్నారు. నాకు ఆరు గంటల ముందు చెప్పినా చాలు. నెల ముందు ‘సముద్రం వేడిగా ఉంది’ అని చాటించేస్తే, కొంప మునిగిన రోజు ‘మేం అప్పుడే చెప్పాం’ అని చేతులు దులుపుకుంటారు.

హంద్రీ_కుర్రోడు: అక్క మాట కరెక్ట్.

అనంత_అయ్యవారు: అది నిజమే. అయినా అన్నా, విత్తే ముందు ఆ ఎర్ర పటం కాదు, వాతావరణ శాఖ ఐదు రోజుల సూచన చూడండి.

రేగడి_రైతు: ఐదు రోజులు ఏ మూలకు సార్? మొలక నిలదొక్కుకునేదానికే పది రోజులు కావాల. ఈసారి రెండెకరాలు ముందు, మూడెకరాలు వెనక వేస్తా. అయినా మా అల్లుణ్ణి అడుగుతా, 26.5 దాటిందో లేదో.