లాప్‌టాప్ బ్యాటరీ గంటన్నర కూడా రావట్లేదు, ఛార్జర్ ఎప్పుడూ పెట్టి ఉంచడం వల్లేనా?

మాచర్ల_ఇంటిపని:
అందరికీ నమస్తే అండి. నాది 2022 జూన్‌లో కొన్న లాప్‌టాప్, 15.6 అంగుళాల స్క్రీన్, ఐ5. కొత్తలో ఛార్జర్ తీసేస్తే ఐదారు గంటలు వచ్చేది, ఇప్పుడు గంటా ఇరవై నిమిషాలకే ఆగిపోతోంది. మాది మాచర్ల దగ్గర పల్లెటూరు, ఇంటి దగ్గర నుంచే ఉద్యోగం, ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయిందంటే గంటన్నర రెండు గంటలదాకా రాదు, సరిగ్గా ఆ టైంలోనే మాకు మీటింగులు. మొన్నైతే 30 శాతం ఉంది కదా అని ధైర్యంగా మాట్లాడుతున్నా, ఏ వార్నింగూ లేకుండా టప్పున ఆరిపోయింది. ఫోన్‌లో మళ్లీ జాయిన్ అయ్యేసరికి నా వంతు అయిపోయింది, చాలా బాధేసింది.

నేను పొద్దున తొమ్మిదింటికి ఛార్జర్ పెడితే రాత్రి దాకా తియ్యను. దాని వల్లే పాడైందా? మా బాబాయేమో జీరో అయ్యేదాకా వాడి అప్పుడు ఫుల్ చెయ్యాలిరా అంటాడు. కొత్త బ్యాటరీ కొనేయాలా, ఇంకేమైనా చెయ్యొచ్చా? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

కరీంనగర్_బోర్డ్‌రిపేర్:
తమ్ముడూ, కొనుడు సంగతి తర్వాత, ముందుగాల రిపోర్టు తియ్యి. నా దగ్గరికి వచ్చేటోళ్లందరికీ గిదే చెప్తా, కొలవకుండ బ్యాటరీ మార్చకు అని. స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి ఆ నల్ల విండో ఓపెన్ చెయ్యి, అండ్ల పవర్ అని స్పెల్లింగ్ రాసి దాన్ని ఆనుకునే సీ ఎఫ్ జీ కలిపెయ్యి, ఒక స్పేస్ ఇచ్చి స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని ఒకటే పదంగ కొట్టి ఎంటర్ నొక్కు. ఫైల్ ఏడ సేవ్ అయిందో ఆ కింది లైన్లనే చూపిస్తది, దాన్ని బ్రౌజర్ల ఓపెన్ చెయ్యి. పైనే డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ, సైకిల్ కౌంట్ అని మూడు ఉంటయ్, అవి ఈడ పెట్టు. కొంచెం కిందికి పోతే రీసెంట్ యూసేజ్ అని టైంతో సహా ఉంటది, కరెంటు పోయిన రోజుది చూసి బ్యాటరీ మీదికి వచ్చినప్పుడు ఎంత ఉంది, ఎన్ని నిమిషాలకు ఎంతకు దిగింది, అది కూడా రాయి. గవి చూస్తే సగం జవాబు ఆడనే దొరుకుతది.

మీ బాబాయి చెప్పింది పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల ముచ్చట. సగంలో ఛార్జింగ్ పెడితే వాటికి కెపాసిటీ తగ్గినట్టు అయ్యేది, అందుకే అప్పట్ల జీరో దాకా వాడమనేటోళ్లు. ఇప్పుడు లాప్‌టాప్‌లల్ల ఉండేది లిథియం అయాన్, దాన్ని రోజూ జీరోకి దింపుడు అంటే అరగదీసుడే. 40 నుంచి 80 మధ్యల తిరుగుతుంటే దానికి అన్నిటికంటే సుఖం.

టీచరమ్మ_విజయనగరం:
జీరో విషయంలో నాకు జరిగింది చెప్తాను బాబూ, ఇంకెవరికీ అవ్వకూడదని. 2023 వేసవి సెలవులకి నా లాప్‌టాప్ 3 శాతంలో ఉండగానే షట్‌డౌన్ చేసి బీరువాలో పెట్టేసి మా అమ్మాయి దగ్గరికి వెళ్లిపోయాను. యాభై రోజుల తర్వాత తీస్తే ఛార్జర్ పెట్టినా లైటు కూడా వెలగలేదు. వాడకపోయినా బ్యాటరీ కొద్దికొద్దిగా దిగిపోతూనే ఉంటుందట, మరీ కిందకి పోతే లోపలున్న సర్క్యూటే ఛార్జింగ్ ఎక్కనివ్వదట. రిపేరు అబ్బాయి చెప్తే గానీ తెలియలేదు. అప్పటినుంచి ఎక్కువ రోజులు పక్కన పెట్టాలంటే సగం ఛార్జి ఉంచి, చల్లగా ఉండే కింద అరలో పెడుతున్నాను, నెలకోసారి తీసి చూస్తున్నాను. మా స్కూల్లో మిగతా టీచర్లకీ అదే చెప్పాను, ముఖ్యంగా దసరా, వేసవి సెలవుల ముందు.

మాచర్ల_ఇంటిపని:
థాంక్స్ అన్నా, థాంక్స్ టీచర్ గారూ. రిపోర్టు తీశాను. డిజైన్ కెపాసిటీ 41,040 ఎండబ్ల్యూహెచ్ (మిల్లీవాట్ అవర్లు), ఫుల్ ఛార్జ్ కెపాసిటీ 24,600, సైకిల్ కౌంట్ 212. కరెంటు పోయిన రోజు చూస్తే 1:05కి 23,900 ఉంది, 1:50కి 10,400కి దిగింది. 212 సైకిళ్లంటే ఎక్కువా అన్నా? అసలు సైకిల్ అంటే ఒకసారి ఛార్జర్ పెట్టి తీయడమేనా?

కరీంనగర్_బోర్డ్‌రిపేర్:
శభాష్, మంచిగ తీసినవ్. సైకిల్ అంటే పెట్టి తీసుడు కాదు, మొత్తం కలిపి 100 శాతం వాడితే ఒక సైకిల్. ఇయ్యాల 50, రేపు 50 వాడినవనుకో, రెండు రోజులు కలిపి ఒక్కటే. గిప్పుడు నీ లెక్క చూడు, 41,040ల 24,600 అంటే అరవై శాతమే మిగిలింది. కానీ సైకిళ్లు 212 మాత్రమే. 212 సైకిళ్లకే నలభై శాతం పోవాల్సింది కాదు, కాబట్టి నీ బ్యాటరీ వాడితే అరగలే తమ్ముడూ, వాడకుండనే ముసలైంది. ఎట్లంటవా, 100 శాతంల గంటలకు గంటలు నిలబెట్టుడు ఒకటి, వేడి ఒకటి. ఫుల్‌ల ఉన్నప్పుడు సెల్ లోపల వోల్టేజ్ పైకి లాగి పట్టినట్టు ఉంటది, దానికి వేడి తోడైతే లోపల ఎలక్ట్రోడ్ మీద ఒక పొర పేరుకుంట పోతది, అండ్ల లిథియం చిక్కుకుంటది, చిక్కింది ఇగ తిరిగి రాదు. మీ పల్నాడు ఎండ, పైన ప్రాసెసర్ వేడి, దానికి రోజంతా 100 శాతం, మూడూ కలిసినయ్.

అంటే ఛార్జర్ పెట్టి ఉంచుడు తప్పు కాదు, 100ల పెట్టి ఉంచుడు తప్పు. ఛార్జింగ్ 100 దాకా పోకుండ లిమిట్ పెట్టుకో. లెనోవో అయితే వాంటేజ్ యాప్‌ల కన్జర్వేషన్ మోడ్ అని ఉంటది, ఆసుస్ అయితే మైఆసుస్ యాప్‌ల బ్యాటరీ కేర్‌ల 80 పెట్టొచ్చు, హెచ్‌పీ, డెల్ చాలా మోడళ్లకి బయాస్‌లనే (ఆన్ చేసేటప్పుడు ఓపెన్ చేసే సెట్టింగ్స్) బ్యాటరీ హెల్త్ సెట్టింగ్ దొరుకుతది. అది పెట్టినంక ఛార్జర్ రోజంతా ఉన్నా భయం లేదు. కరెంటు పోతదని తెలిసిన రోజు ముందు రాత్రి లిమిట్ తీసి 100 చేసుకో, మళ్ల పెట్టేసుకో.

ఇంకా అసలు ముచ్చట చెప్తా, ఇది చానామంది చూడరు. 45 నిమిషాలల్ల 23,900 నుంచి 10,400 అంటే 13,500 తిన్నది. గంటకు లెక్క కడితే 18,000, అంటే 18 వాట్లు. కొత్తలో 41 వాట్ అవర్ బ్యాటరీ ఆరు గంటలు వచ్చిందంటే అప్పుడు గంటకు ఏడు వాట్లే తింటున్నట్టు. అంటే బ్యాటరీ సన్నగిల్లింది నిజమే గానీ నీ లాప్‌టాప్ తిండి రెండున్నర రెట్లయింది! గిదే ముసలి బ్యాటరీని ఎనిమిది వాట్లల నడిపిస్తే మూడు గంటలు వస్తది. గీ 18 వాట్లు ఎవరు తింటున్నరో పట్టుకో ముందు. టాస్క్ మేనేజర్ల ప్రాసెసెస్‌ల పవర్ యూసేజ్ అని కాలమ్ ఉంటది, ఛార్జర్ తీసేసి పది నిమిషాలు అదే చూడు.

30 శాతంల ఆగిపోవుడు వేరే. మీటర్ లెక్క తప్పింది. ఎప్పుడూ ఛార్జర్ మీదనే ఉంటే అసలు ఎంత మిగిలిందో ఆ లోపలి చిప్‌కి తెలువదు. ఒకసారి లిమిట్ తీసి ఫుల్ చెయ్యి, ఛార్జర్ తీసి 5 శాతం దాకా వాడు, మళ్ల ఆపకుండ ఫుల్ చెయ్యి. రెండు మూడు నెలలకోసారి చాలు, రోజూ చెయ్యకు. అప్పటికి కూడా 30ల ఆగిందంటే ఏదో ఒక సెల్ బలహీనమైనట్టు.

రోజూ_మెట్రోలో:
ఇంకోటి కూడా చూసుకోండి, మూత మూసేసి పక్కన పెట్టినప్పుడు ఎంత దిగుతోంది అనేది. నాది ఆఫీసులో 90 ఉండగా మూసి బ్యాగులో పెడితే మియాపూర్‌లో ఇంటికొచ్చి తీసేసరికి 70 ఉండేది, బ్యాగు లోపల చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది. ఇప్పటి లాప్‌టాప్‌లకి స్లీప్ అంటే పూర్తి నిద్ర కాదండీ, ఫోన్ లాగా లోపల మెయిళ్లు, అప్‌డేట్లు నడుస్తూనే ఉంటాయి, గాలి ఆడని బ్యాగులో ఆ వేడంతా బ్యాటరీకే. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి మూత మూస్తే హైబర్నేట్ (తెరిచి ఉన్న పనంతా డిస్క్‌లో దాచుకుని పూర్తిగా ఆగిపోవడం) అవ్వాలి అని పెట్టేశాను. తెరిచినప్పుడు పది పదిహేను సెకన్లు ఎక్కువ పడుతుంది అంతే, ఛార్జి మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉంటోంది.

దిల్‌సుఖ్‌నగర్_హాస్టల్:
అన్నా నాది చిన్న డౌట్, అడగొచ్చా? నా లాప్‌టాప్ టచ్‌ప్యాడ్ వారం నుంచి ఎడమ వైపు క్లిక్ అవ్వట్లేదు. టేబుల్ మీద పెడితే నాలుగు కాళ్లూ ఆనట్లేదు, ఊగుతోంది. మూత మూస్తే ముందు వైపు సన్నటి సందు కనిపిస్తోంది. టచ్‌ప్యాడ్ రిపేర్‌కి ఎంత అవుతుంది? ఎప్పుడూ మంచం మీద పరుపు మీదే వాడతాను, రాత్రి ఛార్జింగ్ పెట్టి పక్కనే పెట్టి పడుకుంటాను.

కరీంనగర్_బోర్డ్‌రిపేర్:
తమ్మీ, అది టచ్‌ప్యాడ్ కాదు, బ్యాటరీ ఉబ్బింది. ఇప్పుడే, చదువుతున్నప్పుడే ఛార్జర్ తీసెయ్యి, షట్‌డౌన్ చెయ్యి. ఇయ్యాల రాత్రి మంచం పక్కన పెట్టుకోకు, గచ్చు మీదనో బండ మీదనో పెట్టు, దగ్గర బట్టలు, కాయితాలు లేకుండ చూసుకో. మూత మీద ఒత్తి సరి చేద్దామని చూడకు, యూట్యూబ్ చూసి స్క్రూడ్రైవర్‌తోని నువ్వు విప్పకు, పొడుసుకున్నదంటే మంటలే. లోపల గ్యాస్ పుట్టి పొట్ట ఉబ్బినట్టు అయితది, అదే కిందినుంచి టచ్‌ప్యాడ్‌ని ఎత్తుతది. రేపు పొద్దున్నే సర్వీస్ సెంటర్‌కి తీస్కపో, తీసిన బ్యాటరీ ఆడనే ఇచ్చెయ్యి, చెత్తబుట్టల వెయ్యకు. పాత బ్యాటరీలు తిరిగి తీసుకునే బాధ్యత కంపెనీలదే అని 2022ల రూల్స్ కూడా వచ్చినయ్. పరుపు మీద పెడితే కింద గాలి బొక్కలు మూసుకపోతయ్ తమ్మీ, వేడి పోదు. ఒక చెక్క పీట కొనుక్కో, చాలు.

దిల్‌సుఖ్‌నగర్_హాస్టల్:
తీసేశాను అన్నా, ఆఫ్ చేసి వరండాలో బండ మీద పెట్టాను. రూంమేట్స్‌కి కూడా చెప్పాను. రేపు వెళ్లాక చెప్తా.

మాచర్ల_ఇంటిపని:
అన్నా, వారం రోజులు చూసి రాస్తున్నాను. తిండి ఎవరు తింటున్నారో దొరికింది. యాంటీవైరస్ రోజూ 12:30కి ఫుల్ స్కాన్ చేస్తోంది, అది సరిగ్గా మాకు కరెంటు పోయే టైంలో నడుస్తోంది. దాన్ని రాత్రికి మార్చాను. పవర్ మోడ్ ఎప్పుడో బెస్ట్ పెర్ఫార్మెన్స్‌లో పెట్టి మర్చిపోయాను, మార్చాను. బ్రైట్‌నెస్ ఫుల్ నుంచి సగం కంటే కిందికి దించి కిటికీ ఎదురుగా కాకుండా గోడ వైపు కూర్చుంటున్నాను, అప్పుడు ఆ వెలుతురే చాలుతోంది. మీటింగ్‌లో కరెంటు పోగానే కెమెరా ఆపేస్తున్నాను, ముందే చెప్పాను మావాళ్లకి. ఇవన్నీ అయ్యాక మళ్లీ రిపోర్టు తీస్తే గంటకి 9,500 దగ్గర తింటోంది.

మీరు చెప్పినట్టు 5 దాకా దింపి ఫుల్ చేస్తే ఫుల్ ఛార్జ్ కెపాసిటీ 23,100కి మారింది, అంటే ఇంతకుముందు లేనిది ఉన్నట్టు చూపించిందన్నమాట. మంగళవారం 1:40కి పోయిన కరెంటు 3:35కి వచ్చింది, ముందు రాత్రి 100 చేసి పెట్టుకున్నా, వచ్చేసరికి ఇంకా 21 శాతం ఉంది. రౌటర్‌కి కూడా చిన్న యూపీఎస్ పెట్టాను. మీటింగ్ మొత్తం ఉన్నాను అన్నా, చాలా సంతోషంగా ఉంది.

కొత్త బ్యాటరీ అయితే ఎప్పటికైనా కొనాలి కదా, కొనేటప్పుడు ఏం చూడాలి?

కరీంనగర్_బోర్డ్‌రిపేర్:
చానా సంతోషం తమ్ముడూ. ఇప్పుడే కొనకు, గడుస్తున్నంత కాలం గడువనియ్యి, వానలు పడ్డంక చూసుకో. కొనేటప్పుడు వెనక మూత తీపిచ్చి బ్యాటరీ మీదున్న పార్ట్ నంబర్ ఫొటో తీసుకో, లాప్‌టాప్ మోడల్ పేరు చెప్తే సరిపోదు, ఒకటే మోడల్‌ల రెండు మూడు రకాలు ఉంటయ్. వోల్టులు, వాట్ అవర్లు కలవాలె. నీదైతే 11.4 వోల్టులు, 3,600 ఎంఏహెచ్ ఉంటది అనుకుంటున్న, రెండూ గుణిస్తే నీ 41,040 వస్తది. స్టిక్కర్ మీద 6,000 ఎంఏహెచ్ అని రాసి అదే సైజుల, అదే బరువుల ఇస్తే తీసుకోకు, ఆ అంకె ఉత్తదే. తయారైన నెల కూడా చూడు, రెండేళ్లు షాపుల పడున్నది వద్దు, డబ్బాల ఉన్నా వయసు అయితనే ఉంటది. బిగించినంక షాపులనే నిలబడి మళ్ల రిపోర్టు తియ్యి, ఫుల్ ఛార్జ్ డిజైన్‌కి దగ్గర్ల ఉన్నదా చూసి పైసలు ఇయ్యి. ఇంటికి పోయినంక మొదటి రోజే 80 లిమిట్ పెట్టు.

దిల్‌సుఖ్‌నగర్_హాస్టల్:
అన్నా వెళ్లొచ్చాను. విప్పి చూపించారు, మూడు సెల్స్‌లో రెండు దిండ్లలా ఉబ్బి ఉన్నాయి, టచ్‌ప్యాడ్ మాత్రం బాగానే ఉందట. బ్యాటరీ వాళ్లకే ఇచ్చేశాను. కొత్తది వచ్చేదాకా లాప్‌టాప్ వాళ్ల దగ్గరే. మా ఫ్లోర్‌లో అందరి లాప్‌టాప్‌లూ టేబుల్ మీద పెట్టి ఊగుతున్నాయేమో చూశాం, ఇంకొకతనిది కూడా ముందు వైపు కొంచెం లేచి ఉంది, అతను సాయంత్రం తీసుకెళ్తున్నాడు.