అప్‌డేట్: ఏసీ నీళ్లు కారడం, చల్లదనం తగ్గడం – అసలు కారణం దొరికింది

మా బెడ్‌రూమ్‌లోని 1.5 టన్ను స్ప్లిట్ ఏసీ సరిగ్గా చల్లబరచడం లేదని, ఆపగానే లోపలి యూనిట్ నుంచి నీళ్లు కారుతున్నాయని పోయిన వారం ఇక్కడ అడిగాను. ఫిల్టర్ కడగమని, బయటి యూనిట్ దగ్గర సన్నటి రాగి పైపు చూడమని చెప్పారు. రెండూ చేశాను.

ఫిల్టర్ నిండా దుమ్మే. కడిగినా తేడా రాలేదు. పైపు చూస్తే మాత్రం టెన్షన్ పట్టుకుంది. నట్టు దగ్గర నుంచి జానెడు మేర తెల్లగా మంచు పేరుకుని ఉంది! పైపుల్లో తిరిగే చల్లబరిచే గ్యాస్ తగ్గితే లోపలి కాయిల్ సున్నా డిగ్రీల కిందకు పోయి మంచు కడుతుందట. ఏసీ ఆపితే అదే కరిగి గోడ మీదుగా కారేది. నేనేమో డ్రెయిన్ పైపు మూసుకుపోయిందనుకున్నాను.

నిన్న వచ్చిన మెకానిక్ నట్లకు సబ్బు నురగ రాశాడు. ఒకచోట చిన్న చిన్న బుడగలు ఆగకుండా వచ్చాయి. లీక్ అక్కడే. పైపు చివర కోసి, మళ్లీ ఫ్లేర్ చేసి (నట్టులో బిగుసుకునేలా చివరను గరాటులా వెడల్పు చేసి), నైట్రోజన్ నింపి ఇంకా లీక్ ఉందేమో ప్రెషర్ చూసి, వాక్యూమ్ పెట్టి లోపలి గాలి, తేమ లాగేశాకే ఆర్32 రకం గ్యాస్‌ను తూకం వేసి ఎక్కించాడు. పోయిన ఏడాది ఇంకొకతను లీక్ వెతక్కుండానే గ్యాస్ నింపి వెళ్లాడు, ఆ డబ్బంతా గాలిలో కలిసిపోయింది. దయచేసి ఎవరూ అలా ఒప్పుకోకండి.

రాత్రి 26 డిగ్రీల్లో పెడితే అమ్మ దుప్పటి అడిగింది. పైపు చూడమన్న అన్నగారికి చాలా థ్యాంక్స్.