మామ ఇంగ్లండ్ రాజు, ఏలిక ఫ్రాన్స్ రాజు: కూసీ ప్రభువు ఎటువైపు?

ప్రశ్న: నూరేళ్ల యుద్ధం గురించి చదువుతూ ఏడో ఆంగెరాన్ ద కూసీ దగ్గర ఆగిపోయాను. ఫ్రెంచి ప్రభువు, పైగా ఇంగ్లండ్ రాజు మూడో ఎడ్వర్డ్‌కి అల్లుడు. రెండు రాజ్యాలూ కొట్టుకుంటుంటే ఈయన ఏం చేశాడండీ?

జవాబు: 1360లో రెండు రాజ్యాల మధ్య కుదిరిన బ్రెటినీ ఒప్పందం కింద, ఫ్రాన్స్ రాజు విడుదల సొమ్ముకు హామీగా, బందీ అయి లండన్ వెళ్లాడండి. 1365లో రాజుగారి పెద్దమ్మాయి ఇసబెల్లాను పెళ్లాడాక డబ్బు కట్టకుండానే విడుదలయ్యాడు. 1369లో మళ్లీ యుద్ధం మొదలైతే ఎటూ చేరకుండా ఇటలీలో పోరాడాడు. 1377లో మామగారు పోయాకే తేల్చుకున్నాడు. ఇంగ్లండ్ బిరుదులు వదులుకుని ఫ్రాన్స్ పక్షాన నిలిచాడు.

జవాబు: నా మనసంతా కూసీ చిన్నకూతురు ఫిలిప్పా మీదే. తల్లితో ఇంగ్లండ్‌లో ఉండిపోయింది, అక్క మారీ ఫ్రాన్స్‌లో పెరిగింది. ఫిలిప్పాను ఆక్స్‌ఫర్డ్ ఎర్ల్ రాబర్ట్ ద వియర్‌కిచ్చారు. 1387లో అతను రాణిగారి పరిచారికల్లో ఒకామె కోసం ఈమెను వదిలేశాడు. అత్తగారు కన్నకొడుకుని కాదని కోడలి పక్షాన నిలబడింది! ఆ కాలంలో అది ఎంత ధైర్యమో చూడండి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. మరి అక్క మారీ సంగతి?

జవాబు: ఆమెది ఇంకా కష్టం. 1396లో ఒట్టోమన్ తురుష్కుల మీద దండయాత్రకు వెళ్లిన తండ్రి నికోపోలిస్ (నేటి బల్గేరియాలో) యుద్ధంలో వాళ్లకు చిక్కి, మరుసటి ఏడు బుర్సాలో (నేటి టర్కీలో) చెరలోనే పోయాడు. అదే దండయాత్రకు వెళ్లిన భర్త ఆన్రీ ద బార్ కూడా 1397లోనే చనిపోయాడు. ఆస్తి కోసం సవతితల్లితో తగాదా. చివరికి 1400లో కూసీ జాగీరును ఓర్లియాన్ డ్యూక్ లూయీకి అమ్మేసింది.